సంఘంలో నా ఈడువాళ్లే లేరు: ఒక కౌన్సెలింగ్ కేసు

చిన్న చర్చి సంఘాల నుంచి వచ్చే యువతీయువకులు తరచూ అనే మాట ఒకటుంది: "అందరూ మంచివాళ్లేనండీ, కానీ అక్కడ నాకంటూ ఎవరూ లేరు." దీనికి పెద్దలు ఇచ్చే సలహా ఓపిక పట్టమనో, వేరే సంఘం చూసుకోమనో ఉంటుంది. ఈ కేసులో రెండూ పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో రాసిపెడితే ఇలాంటివాళ్లతో పనిచేసేవాళ్లకి ఉపయోగపడుతుందనిపించింది. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను, ఆమె చదివి సరేనన్నాకే బయట పెడుతున్నాను. నేను కౌన్సెలర్‌ని, పాస్టర్‌ని కాదు. కాబట్టి ఆమె విశ్వాసం ఎలా ఉండాలో చెప్పే పని పెట్టుకోలేదు, అది ఆమె రోజువారీ జీవితంలో ఏం చేస్తోందో చూడటం వరకే నా పని.

నేపథ్యం

ఆమెకి ఇరవైల చివరి వయసు, పెళ్లి కాలేదు. ఉద్యోగం కోసం ఊరు మారి, దగ్గర్లో ఉన్న చిన్న సంఘంలో చేరి రెండేళ్లు దాటింది. ఆదివారం అరవై మంది దాకా వస్తారు. సగం మంది పెద్దవయసు దంపతులు, మిగతావాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లల తల్లిదండ్రులు, హైస్కూలు వయసు పిల్లలు ఇద్దరు. ఆమె పెరిగిన సంఘం చాలా పెద్దది, అక్కడ యూత్ మీటింగ్‌కే ఇంతమంది వచ్చేవాళ్లట. క్వయర్, రిట్రీట్లు, పరీక్షల ముందు ఒకరికోసం ఒకరు ప్రార్థన చేసుకోవడం, ఇలా ఆమెకి విశ్వాసమూ స్నేహమూ చిన్నప్పటి నుంచి ఒకేచోట, ఒకేసారి దొరికాయి. ఈ సంగతి నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను, ఎందుకంటే స్నేహితులు లేని చోట తన భక్తే తగ్గిపోతోందని ఆమె అనుకోవడానికి మూలం అక్కడే కనిపించింది.

వచ్చేటప్పటికి పరిస్థితి

శనివారం సాయంత్రం నుంచే టెన్షన్ మొదలయ్యేది. ఆదివారం మొదటి పాటలు అయిపోయాక వెళ్లి వెనక వరసలో కూర్చోవడం, ముగింపు ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుని ఉండగానే బయటికి వచ్చేయడం, బండి దాకా నడిచేలోపు ఏడుపు రావడం. తర్వాత రోజంతా గిల్టీ ఫీలింగ్. "దేవుని సన్నిధికి వెళ్లి ఇలా తిరిగొస్తే ఇంక నాది ఏం విశ్వాసమండీ" అంది. నన్ను అడిగింది మాత్రం ఒకటే: "సంఘం మారాలా, ఉండాలా? అది చెప్పండి చాలు."

ముందు డిప్రెషన్ ఉందేమో చూశాను. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంటుంది, 0 నుంచి 27 దాకా స్కోరు, 10 గానీ పైన గానీ వస్తే మరింత లోతుగా చూడాలి. ఆమె స్కోరు అంతకన్నా తక్కువే ఉంది, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి స్పష్టంగా లేదంది. నిద్ర, ఆకలి బాగున్నాయి. ఆఫీసులో నలుగురితో కలిసిపోతుంది, మీటింగుల్లో మాట్లాడుతుంది, అంటే నలుగురిలోకి వెళ్లాలంటేనే భయపడే మనిషి కాదు. బాధ ఒక్క చోటికే పరిమితమై ఉంది.

ఒంటరితనానికి మూడు ప్రశ్నల చిన్న కొలమానం ఒకటుంది: తోడు లేదని ఎంత తరచుగా అనిపిస్తుంది, మిమ్మల్ని వదిలేశారని ఎంత తరచుగా అనిపిస్తుంది, అందరికీ దూరంగా ఉన్నట్టు ఎంత తరచుగా అనిపిస్తుంది. దాన్ని ఒకసారి మామూలుగా అడిగి, మళ్లీ "సంఘంలో ఉన్నప్పుడు" అని చేర్చి అడిగాను. ఇలా రెండోసారి అడగడం ప్రామాణికమైన పద్ధతి కాదు, అందుకే ఆ జవాబుని స్కోరుగా లెక్కపెట్టను, మాటల్లోకి దిగడానికి వాడుకుంటానంతే. రెండోసారి "వదిలేశారు" అన్న ప్రశ్న దగ్గర ఆమె ఆగిపోయింది. "వదిలేయడం కాదండీ, నన్ను ఎక్కడ పెట్టాలో వాళ్లకి తెలీదు" అంది. ఆలోచిస్తే నిజమే. ఆ సంఘంలో దంపతుల కూడిక ఉంది, స్త్రీల కూడిక ఉంది, సండే స్కూల్ ఉంది. వీటిలో ఆమెది ఏది?

రాబర్ట్ వైస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో చేసిన విభజన ఇక్కడ బాగా అక్కరకొచ్చింది. ఒంటరితనం రెండు రకాలన్నాడాయన. మనసు విప్పి చెప్పుకునే ఒక్క మనిషి లేకపోవడం ఒకటి, నలుగురిలో మనకో చోటు లేకపోవడం ఇంకొకటి. ఒకదాని లోటు రెండోదానితో పూడదు. ఆమె విషయంలో ఈ రెండూ కలిసిపోయి "నా ఈడువాళ్లు లేరు" అన్న ఒక్క మాటగా బయటికి వస్తున్నాయని నా అంచనా. మాట ఒక్కటే ఉంటే పరిష్కారమూ ఒక్కటే తోస్తుంది, ఈడువాళ్లున్న చోటికి వెళ్లిపోవడం.

అప్పటికే జరిగిన ప్రయత్నాలు

ఆమె చేతులు ముడుచుకుని ఏమీ కూర్చోలేదు. ఆమె అడిగితే పాస్టర్ గారు యూత్ మీటింగ్ మొదలుపెట్టారు. వచ్చింది ఆమె, ఆ ఇద్దరు పిల్లలు. రెండో వారానికే ఆమె టీచరైపోయింది, కొన్నాళ్లకి మీటింగ్ ఆగిపోయింది. స్త్రీల కూడిక పనిరోజుల్లో మధ్యాహ్నం పెడతారు, సెలవు పెట్టుకుని వెళ్తే మాటలన్నీ పిల్లల చదువుల చుట్టూనే తిరిగేవి. అక్కడ ఆమె అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది: "నాకు నేర్పడానికి అందరూ రెడీ, నన్ను తెలుసుకోవడానికే ఎవరూ లేరు." పెద్ద స్త్రీలు చిన్నవాళ్లకి బుద్ధి చెప్పాలని బైబిల్లోని తీతు పత్రిక అనే లేఖలో ఉన్న మాటని మంచి మనసుతోనే పాటిస్తున్నారు వాళ్లు, కాకపోతే మాట ఎప్పుడూ ఒకవైపు నుంచే వస్తోంది.

ఒక పెద్దాయన బైబిల్లో హెబ్రీ 10:25 వాక్యం చూపించి, కూడుకోవడం మానకూడదమ్మా అన్నారు. ఇంకొకరు ఏలీయా ప్రవక్త కథ చెప్పారు. నేనొక్కడినే మిగిలానని ఏలీయా అంటే, ఇంకా ఏడువేల మంది ఉన్నారని దేవుడు చెప్పిన కథ. ఆ అధ్యాయాన్ని సలహాగా వాడేవాళ్లు ముందు జరిగినదాన్ని దాటేస్తారనిపిస్తుంది నాకు. అలసి పడుకున్న మనిషికి ముందు నిద్ర, తిండి దొరుకుతాయి, ఏడువేల లెక్క ఎంతో తర్వాత గానీ రాదు.

అన్నిటికన్నా నాకు పనికొచ్చిన సమాచారం ఇంకొకటి. కొన్ని ఆదివారాలు ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక పెద్ద సంఘానికి వెళ్లొచ్చింది. తన వయసువాళ్లు వందల్లో ఉన్నారు. "అక్కడ హాయిగా ఉంది, ఎవరూ నన్ను చూడలేదు" అంది. స్నేహం గురించి అడిగితే ఒక్కరితోనూ మాట్లాడలేదని చెప్పింది. అంటే అక్కడ దొరికింది ఊపిరి పీల్చుకునే వీలు, తోడు కాదు.

మొదటి నిర్ణయం: జవాబు వాయిదా

మారాలా ఉండాలా అన్నదానికి అప్పుడే జవాబు వెతకొద్దన్నాను. బాధ నుంచి పారిపోవడానికి సంఘం మారినా, ఆలోచించి మారినా బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి రకమైతే కొత్త చోట కూడా వెనక వరసే దొరుకుతుంది. అలాగని ఎప్పటికీ వాయిదా వేస్తే అది మెల్లగా ఉండిపొమ్మని చెప్పినట్టే. కాబట్టి ఆరు నెలల తర్వాత ఒక తేదీ పెట్టుకున్నాం. ఆ రోజు ఏమేం చూసి నిర్ణయించాలో ఆమే రాసింది: శనివారం టెన్షన్ తగ్గిందా, పేరు పెట్టి చెప్పగలిగే మనిషి ఒక్కరైనా ఉన్నారా, ప్రార్థనలో మనసు నిలుస్తోందా. మారిపోవడం పాపం కాదు, ఓటమీ కాదు, ఒక దారి అంతే అని ఆ కాగితం మీదే రాయించాను. ఇష్టమైతే వెళ్లిపోవచ్చని తెలిశాక ఉండటం కొంచెం తేలికైందని తర్వాత చెప్పింది.

పనిచేయనివి

మొదట చేసింది పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే: టైముకి వెళ్లడం, ఆరాధన అయ్యాక పావుగంట ఉండటం. తప్పించుకోవడం వల్లే భయం పెరుగుతుంది, నిలబడితే తగ్గుతుంది అన్నది దీని వెనక లెక్క. ఆమె శ్రద్ధగా చేసింది. టెన్షన్ కొంచెం తగ్గింది, బాధ పెరిగింది. ఎందుకంటే ఆమె భయపడిందే జరిగింది. ఆరాధన అవగానే తల్లిదండ్రులు పిల్లల వెనక పరుగెత్తారు, పెద్దవాళ్లు తమ పాత గుంపుల్లో నిలబడ్డారు, ఆమె ఫోన్ చూసుకుంటూ గోడ పక్కన నిలబడింది. భయపడినది జరగదని కళ్లారా చూస్తేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. ఇక్కడ ప్రతివారం భయం నిజమని రుజువవుతుంటే దాన్ని కొనసాగించడంలో అర్థం లేదు. ఆపేశాం, టైముకి వెళ్లడం మాత్రం ఉంచాం.

తర్వాత పాస్టర్ గారు. ఆమె అనుమతితోనే, ఆమె రాసిచ్చిన నాలుగు వాక్యాల వరకే ఆయనతో మాట్లాడాను. ఆయన చాలా బాధపడ్డారు, నిజంగానే ఏదో చేయాలనుకున్నారు. ఆ ఆదివారం ప్రకటనల్లో, మన మధ్య కుటుంబానికి దూరంగా ఉంటున్న బిడ్డల్ని మనం పట్టించుకోవాలి అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, అలాంటివాళ్లు ఆ హాల్లో ఉన్నదే ఒక్కరు! ఆరాధన అయ్యాక వరసగా వచ్చి తలమీద చేయి పెట్టి ప్రార్థన చేసినవాళ్లు కొందరు, సంబంధం చూడమంటావా అన్నవాళ్లు ఇద్దరు. ఆమె రెండు వారాలు వెళ్లలేదు.

దీని నుంచి నేను తీసుకున్నది ఇది. సంఘం మొత్తానికి చెప్తే శ్రద్ధ జాలిగా మారుతుంది, జాలి చూపించే మనిషికీ అందుకునే మనిషికీ మధ్య స్నేహం పుట్టడం కష్టం. ఏదైనా అడిగితే ఒక మనిషిని, ఒక పని అడగాలి.

దారి దొరికిన చోటు

ఒక లెక్క ఆమె ముందు పెట్టాను. జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహితులనుకోవడానికి 90, దగ్గరి స్నేహానికి 200కి పైగా గంటలు కలిసి గడపాల్సి వస్తుందని అంచనా వేశారు. ఊరికే ఒకేచోట పని చేసిన గంటలకన్నా, కావాలని కలిసి కబుర్లు చెప్పుకున్న గంటలే ఎక్కువ పనిచేస్తాయట. ఆరాధన అయ్యాక వారానికి పది నిమిషాలు మాట్లాడితే ఏడాదికి తొమ్మిది గంటలు కూడా రావు. ఆ లెక్కన 50 గంటలకి దాదాపు ఆరేళ్లు. రెండేళ్లయినా ఎవరూ దగ్గర కాలేదంటే లోపం ఆమెలో ఉండక్కర్లేదు, గంటలే లేవు. ఆమె నవ్వింది, నా దగ్గర మొదటిసారి. ఈ అంకెల్ని నియమంలా తీసుకోవద్దని కూడా చెప్పాను, కానీ "నన్ను ఎవరూ ఇష్టపడరు" అన్నదాన్ని "మేం కలిసి గడిపింది ఎంత?" అన్న ప్రశ్నగా మార్చడానికి అవి చాలు.

తర్వాత ఒక కాగితం మీద హాలు గీయించాను. ఎవరెక్కడ కూర్చుంటారో గుర్తులు పెట్టమని, "ముగింపు ప్రార్థన కాగానే మీలాగే త్వరగా వెళ్లిపోయేది ఇంకెవరు?" అని అడిగాను. తనే అందరికన్నా ముందు వెళ్లిపోతుంది కాబట్టి ఎప్పుడూ పట్టించుకోలేదట. కాసేపు ఆలోచించి ముగ్గురిని గుర్తుపెట్టింది. అందులో ఒకావిడకి నలభై దాటాయి, ఇద్దరు పిల్లలు, భర్త సంఘానికి రాడు. పెళ్లయిన ఆవిడే, కానీ దంపతుల కూడికకి ఒక్కర్తీ వెళ్లలేక మానేసింది. లెక్కలో కుటుంబం కిందికి వస్తుంది కాబట్టి ఆవిడ ఒంటరిగా ఉందని ఎవరికీ తట్టదు. వయసు చూస్తే ఆమె ఈడు కాదు, కానీ ఆ హాల్లో ఇద్దరి పరిస్థితీ చాలా దగ్గర. వెతకాల్సింది పుట్టిన సంవత్సరాన్ని కాదని ఆ కాగితం చూశాకే మాకు స్పష్టమైంది.

సరే, గంటలు ఎలా వస్తాయి? వెళ్లి స్నేహం చేసుకోండి అంటే ఎవరూ చేయలేరు, ఏదో పని ఉండాలి. ఎలాంటి పని అన్నదాని మీద చాలాసేపు మాట్లాడాం. ఇద్దరు కావాల్సిన పనై ఉండాలి, ప్రతివారం ఉండాలి, చేస్తూ మాట్లాడుకునే వీలుండాలి, ఇద్దరూ సమానంగా ఉండాలి, వద్దనుకుంటే మానేయగలగాలి. క్వయర్ వద్దనుకున్నాం, అక్కడ పాడటమే గానీ మాట్లాడుకోవడం ఉండదు. సండే స్కూల్ అయితే మళ్లీ టీచరే. పెళ్లికానివాళ్లకి బోలెడు ఖాళీ ఉంటుందని సంఘాల్లో ఒక నమ్మకం ఉంది, ఒక పని ఒప్పుకుంటే నాలుగు అంటగడతారు. అందుకని ఒకే పని, మూడు నెలలకే అని ముందే చెప్పాలనుకున్నాం.

చివరికి తేలింది పాటల స్లైడ్లు. ఆదివారం పాడే పాటల సాహిత్యాన్ని తెర మీదికి సిద్ధం చేసే పని. అప్పటిదాకా పాస్టర్ గారే అర్ధరాత్రి కూర్చుని చేసుకునేవారు. ఆమె ఆయన్ని అడిగింది ఇంతే: ఈ పని నేను చేస్తాను, ఫలానా అక్కని కూడా అడుగుతాను, ప్రకటనల్లో చెప్పొద్దు. ఆయన మాట నిలబెట్టుకున్నారు.

శనివారం సాయంత్రం ఇద్దరూ కూర్చునేవాళ్లు. టెన్షన్ మొదలయ్యే సమయానికే పని పెట్టుకోవడం కావాలని చేసిందే. మొదటి వారాల్లో ఫాంట్ సైజు గురించీ, చరణాల వరస గురించీ తప్ప మాటల్లేవు. "ఇంతకన్నా ఆఫీసే నయం" అంది నాతో. మానేయాలా అని అడిగితే మూడు నెలల మాట ఇచ్చాను కదా అంది. ఒక శనివారం ఆ అక్క పని మధ్యలో ఆగి, నువ్వు మాతో కలవడం ఇష్టం లేకే ముందే వెళ్లిపోతావనుకున్నాం, పెద్ద ఉద్యోగం కదా అని మాకూ మొహమాటం, అందట. ఆమె వెళ్లిపోయేది తనని ఎవరూ పలకరించరని. వాళ్లు పలకరించనిది ఆమె వెళ్లిపోతుందని.

ఆలోచనల మీద పని ఇక్కడ మొదలుపెట్టాం, అంతకుముందు కాదు. ఒంటరితనం తగ్గించే పద్ధతుల మీద 2011లో వచ్చిన ఒక సమీక్షలో, ఎదుటివాళ్ల గురించి మనం అల్లుకునే ఊహలను సరిచూసే పద్ధతులకే మెరుగైన ఫలితం కనిపించింది. మరి దాంతోనే మొదలుపెట్టొచ్చుగా? మొదటి వారాల్లో ఆమె చెప్పినదాంట్లో చాలా భాగం నిజం. నిజంగానే చోటు లేదు, నిజంగానే ఎవరూ రాలేదు. అప్పుడు ఆలోచన సరిచూసుకోండి అంటే "అంతా మీ మనసులోనే ఉంది" అన్నట్టు వినపడుతుంది. సరిచూడటానికి కొత్త ఆధారం చేతికొచ్చాక ఆ పని తేలికైంది. మాట్లాడి విడిపోయాక ఎదుటివాళ్లకి మనం నచ్చినదానికన్నా తక్కువే నచ్చామని అనుకుంటామని 2018లోనే వచ్చిన ఇంకో పరిశోధన ఉంది, అది చెప్పగానే స్లైడ్ల అక్క మాట తనే గుర్తుచేసుకుంది.

పెళ్లెప్పుడు అన్న ప్రశ్నకి ఒక జవాబు తయారుచేసుకున్నాం: "ఉంటే నేనే చెప్తానండీ. మీ మోకాలు నొప్పి ఎలా ఉంది?" రెండో సగం ముఖ్యం. చాలామంది పెద్దవాళ్లకి ఆ వయసు అమ్మాయితో ఇంకేం మాట్లాడాలో తెలియక అది అడుగుతారు, వేరే దారి చూపిస్తే అటే వెళ్తారు. అందరూ కాదు. ఒకరిద్దరు మోకాలి సంగతి చెప్పి మళ్లీ పెళ్లి దగ్గరికే వచ్చారు.

ఇక మనసు విప్పి చెప్పుకునే మనిషి. దాన్ని ఈ సంఘంలోనే వెతకాలన్న పట్టు వదిలేశాం. పాత సంఘంలోని స్నేహితురాలితో ఎప్పుడో ఒకసారి మాట్లాడేది, దాన్ని వారానికో ఫోన్ కాల్‌గా ఖాయం చేసుకున్నారు, మాట్లాడుకుని చివర్లో కలిసి ప్రార్థన. దాంతోపాటు వేర్వేరు సంఘాల నుంచి ఉద్యోగాలు చేసే యువత నెలకోసారి కలిసే ఒక కూడిక. ఇది పాస్టర్ గారికి కొంచెం గుచ్చుకుంది, అటే వెళ్లిపోతుందేమోనని. ఆమె దాచకుండా వెళ్లి చెప్పింది, ఆదివారం ఇక్కడే ఉంటాను, నా వయసువాళ్ల కోసం నెలకోసారి అక్కడికి వెళ్తాను అని. నేనేమీ చెప్పివ్వలేదు, మాటలన్నీ ఆమెవే. ఏలీయా గురించి కూడా ఆమే ఒక సంగతి పట్టుకుంది: ఏడువేల మంది ఉన్నారని చెప్పిన ఆ అధ్యాయంలోనే, ఏలీయా వెంట నడవడానికి ఎలీషా అనే మనిషి వస్తాడు. "లెక్క ఇచ్చి వదిలేయలేదండీ, మనిషిని ఇచ్చాడు" అంది.

ఆరు నెలల తర్వాత

తను రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. శనివారం టెన్షన్ చాలావరకు పోయింది. పేరు చెప్పగలిగే మనిషి ఉంది, నిజానికి ఇద్దరు, ఎందుకంటే ఆ అక్క పెద్ద కూతురు కూడా స్లైడ్ల పనిలో చేరింది. ప్రార్థనలో మనసు నిలవడం గురించి "కొన్ని వారాలు" అని మాత్రం రాసింది. మూడు ప్రశ్నల కొలమానంలో తగ్గుదల ఉంది, పూర్తిగా కిందికి రాలేదు. క్రిస్మస్ ఆరాధనకి కుటుంబాల వారీగా లేచి నిలబడమన్నప్పుడు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. తన ఈడువాళ్లు ఆ సంఘంలోకి కొత్తగా ఒక్కరూ రాలేదు. ఇంకో ఏడాది ఉంటాననీ, అప్పుడు మళ్లీ చూసుకుంటాననీ నిర్ణయించుకుంది. ఉండమని నేను చెప్పలేదు, వెళ్తానన్నా ఇదే కేసుని విజయంగానే రాసేవాడిని.

ఈ కేసు తర్వాత మొదటి కలయికలో అడిగే ప్రశ్నలు కొన్ని మార్చుకున్నాను. ఎంతమంది ఈడువాళ్లున్నారు అని కాకుండా, గత నెలలో సంఘంలో ఎవరితోనైనా అరగంట దాటి మాట్లాడారా, మీరు రాకపోతే ఆగిపోయే పని ఏదైనా ఉందా, ఏడవాలనిపిస్తే ఎవరికి ఫోన్ చేస్తారు అని అడుగుతున్నాను. మొదటి రెండిటికీ లేదని, మూడోదానికి ఒక పేరు వస్తే, సంఘంలో చోటు వెతకడం మీదే పని మొదలుపెడతాను. మూడోదానికి కూడా ఎవరూ లేరంటే స్లైడ్ల లాంటి ఏర్పాటు పక్కన పెట్టి ఆ ఒక్క మనిషి సంగతే ముందు చూస్తాను.

ఇదంతా మంచి మనసున్నా చేతకాని సంఘానికే వర్తిస్తుంది. పెళ్లికాకపోవడాన్ని శాపమని వేదిక మీద నుంచి అనే చోట, చెప్పుకున్న విషయాలు ప్రార్థన అంశాల పేరుతో ఊరంతా తిరిగే చోట, వెళ్లిపోతానంటే దేవుని పేరుతో భయపెట్టే చోట ఆరు నెలల గడువు పెట్టను. అలాంటప్పుడు సురక్షితంగా ఎలా బయటపడాలన్నదే మొదటి వారం నుంచి మాట్లాడతాను.